అమ్మడానికా, ఉండడానికా?

ఆష్‌బర్న్‌లో ఏ ఇల్లు అమ్మకానికి రాబోతోందో బోర్డు పాతకముందే తెలిసిపోతుంది. ఫిబ్రవరి చివర్లో, ఇంకా చలి పోకుండానే, ఇంటి ముందు నల్లటి మల్చ్ కుప్ప పడుతుంది. ఎనిమిదేళ్ళుగా వెలిసిపోయి ఉన్న వీధి తలుపు ఒక్క ఆదివారంలో నిగనిగలాడే నీలమో ఎరుపో అయిపోతుంది. డ్రైవ్‌వే మీద ప్రెషర్ వాషర్ మోత. గరాజ్ తలుపు పైకి లేచినప్పుడు తొంగిచూస్తే నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. వాకింగుకి వెళ్తున్న పక్కింటివాళ్ళు "ఎప్పుడండీ లిస్టింగు?" అంటారు. "అబ్బే, ఊరికే స్ప్రింగ్ క్లీనింగ్" అంటాం మనం. వాళ్ళు నమ్మినట్టు తలాడిస్తారు.

ఈ ఏడాది ఆ మల్చ్ కుప్ప మా ఇంటి ముందు పడింది.

కారణం అమ్మ మోకాళ్ళు. మాది మూడంతస్తుల టౌన్‌హౌస్. వంటిల్లు మధ్యలో, పడగ్గదులు పైన, బేస్‌మెంటు కింద. అమ్మ వచ్చినప్పుడు పొద్దున్న కిందికి దిగిందంటే మళ్ళీ రాత్రికి గానీ పైకెక్కదు, మధ్యలో కళ్ళజోడు పైన మర్చిపోతే ఆ పూటకి పేపరు చదవడం మానేస్తుంది. కింద పడగ్గది ఉన్న ఇల్లు కావాలి. 2021 జనవరిలో ముప్ఫై ఏళ్ళ హోమ్ లోన్ సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. ఆ దిగిన రోజుల్లో రీఫైనాన్స్ చేసుకుని, ఇప్పుడా వడ్డీని వదులుకుని ఇల్లు మారేవాణ్ణి ఈ ఊళ్ళో కొంచెం జాలిగా చూస్తారు. చూడనీండి.

ఇక్కడి ఇళ్ళ గురించి ఒక మాట ముందు చెప్పాలి. లౌడన్ కౌంటీ జనాభా 1990లో 86,129. 2020లో 420,959. ముందు ఏఓఎల్, వరల్డ్‌కామ్ వచ్చాయి, తర్వాత డేటా సెంటర్లు వచ్చాయి, 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైన్ కూడా వచ్చేసింది. పాడిపశువులు మేసిన పొలాలు ఆష్‌బర్న్ ఫార్మ్, ఆష్‌బర్న్ విలేజ్, బ్రాడ్‌లాండ్స్, బ్రాంబుల్‌టన్ అయ్యాయి. ఒక వీధిని ఒక బిల్డరు ఒకే ఏడాదిలో కట్టేశాడు కాబట్టి అందరి ఇళ్ళలోనూ ఒకే లారీలోంచి దిగిన వాటర్ హీటరు, ఒకే రకం ఏసీ, ఒకే పైకప్పు. అందుకని వీధి వీధంతా ఒక్కసారే ముసలిదవుతుంది. మా వరసలో ఒకరింటికి రూఫింగ్ వాడు వచ్చాడంటే మిగతా అందరికీ గుబులు మొదలవుతుంది.

రిపేర్ల వాళ్ళకి ఈ లెక్క మనకన్నా బాగా తెలుసు. అందుకే ఎవరొచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. పెయింటరు ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన పెద్దమనిషి, ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల గోడలన్నీ ఆయన చేతి మీదుగా పోయాయి. గుమ్మంలో అడుగు పెట్టి, గోడ వంక కూడా చూడకుండా అడిగాడు: "అమ్మడానికా, ఉండడానికా?"

ఆ జవాబుని బట్టి పని మారుతుంది. ఉండడానికైతే గోడ గీకాలి, మేకుల కంతలు పూడ్చాలి, ప్రైమరు వేయాలి, రెండు చేతుల రంగు, క్లోజెట్ లోపల కూడా. అమ్మడానికైతే ఒక చెయ్యి చాలు, ఫ్రిజ్ వెనకాల అక్కర్లేదు, క్లోజెట్‌లో అసలే అక్కర్లేదు, రంగు పేరు కూడా మనం చెప్పనక్కర్లేదు. షెర్విన్ విలియమ్స్ వాళ్ళ 'అగ్రియబుల్ గ్రే' డబ్బా వ్యాన్‌లో ముందే ఉంటుంది. బూడిదా కాదు, గోధుమా కాదు, ఎవరికీ అభ్యంతరం లేని రంగు. ఎవరికీ ఇష్టం లేదు కూడా అనుకోండి, అది వేరే విషయం. కార్పెట్ వాడూ అదే అడిగాడు. అమ్మడానికైతే కింద వేసే మెత్త పల్చగా ఉన్నా ఫరవాలేదట, పది నిమిషాలు తిరిగి వెళ్ళేవాళ్ళ పాదానికి తేడా తెలీదట. ప్లంబరు ప్రశ్న కూడా అడగలేదు, గరాజ్‌లో అట్టపెట్టెలు చూసి చవక రకం కుళాయి తీశాడు.

ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకీ ఇలాంటి విభజన ఒకటుంది. అయిదేళ్ళలో రెండేళ్ళయినా ఆ ఇంట్లో కాపురం ఉంటే, దంపతులకి 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద ఫెడరల్ పన్ను లేదు. ఆపైన లాభం ఉన్నవాళ్ళు కొత్త పైకప్పు, కొత్త ఏసీ లాంటివి ఇంటి ఖరీదుకి కలుపుకోవచ్చు. కారుతున్న కుళాయి బాగు చేయించినదీ, ఊరికే గోడకి రంగు వేయించినదీ కలుపుకోవడానికి లేదు. అభివృద్ధి వేరు, మరమ్మతు వేరు. రసీదులు దాచుకోండి. మూడో రకం ఒకటుంది, దాని గురించి టాక్స్ ఫారాల్లో ఏమీ ఉండదు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు పేరు మాత్రం ఎప్పుడో పెట్టేశారు.

వంటింటి దగ్గర కొంచెంసేపు ఆగుతాను, మన ఇళ్ళలో అసలు పనంతా అక్కడే. ఇల్లు అమ్మడం మీద ఇంగ్లీషులో దొరికే సలహాలు ఓపెన్ హౌస్‌కి ముందు కుకీలు కాల్చమంటాయి. మినపట్టుకీ గోంగూర పప్పుకీ వాటి దగ్గర మందు లేదు. బిల్డరు స్టవ్ మీద బిగించే మైక్రోవేవ్ అడుగున ఒక ఫ్యాను ఉంటుంది చూడండి, చాలా టౌన్‌హౌసుల్లో అది గాలిని బయటికి పంపదు. కింద పీల్చుకుని, జల్లెడలాంటి ఫిల్టరులోంచి తిప్పి, పైనుంచి మన మొహాన్నే వదులుతుంది. పాస్తా ఉడకబెట్టుకునేవాళ్ళకి అది చాలు. ఎండుమిరపకాయలు, ఇంగువ కాగిన నూనెలో పడినప్పుడు అది చేసేదల్లా ఆ ఘాటుని ఇంటిల్లిపాదికీ సమానంగా పంచడమే. నూనె ఆవిరి క్యాబినెట్ల నెత్తిన, ఫ్రిజ్ మీద, స్టవ్‌కి దగ్గరున్న తలుపుల అంచుల్లో తేనెరంగు పొరలా పేరుకుంటుంది. దాని మీద దుమ్ము. మా ఆవిడా నేనూ మూడు శనివారాలు ఆ పొరతోనే గడిపాం. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు, మొండికేసిన చోట వంటసోడా. గట్టిగా రుద్దితే చెక్క పాలిష్ పోతుంది, మెల్లగా రుద్దితే జిడ్డు కదలదు. వాసన మాత్రం గోడల్లో కన్నా గుడ్డల్లో ఎక్కువ ఉంటుంది. కర్టెన్లు ఉతికి, సోఫా తొడుగులు ఉతికి, ఫర్నేస్ ఫిల్టరు మార్చి, గాలి వెనక్కి పీల్చే గ్రిల్ విప్పి కడిగాక గానీ తేడా తెలియలేదు. ఆఖరి రెండు వారాలూ పోపు డెక్ మీద, కరెంటు స్టవ్ మీద. మార్చి నెల చలిగాలిలో జాకెట్ వేసుకుని ఆవాలు వేయించడం ఒక అనుభవం.

పసుపు మరకలకి ఎండే మందు. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకి విరిగిపోతుంది. కత్తిపీట పక్కన వాడే చెక్కపలకని నాలుగు రోజులు కిటికీలో పెడితే తెల్లబడింది. వీధి గడప మీది పసుపు కూడా పొద్దుటి ఎండకి చాలావరకు తనంతట తనే పోయింది. పూజ అల్మారా అంత తేలిగ్గా లొంగలేదు. అది నిజానికి ప్యాంట్రీ, ఏళ్ళ తరబడి హారతి కర్పూరం మసి దాని కప్పున పట్టింది. మసిని తడిగుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. ముందు పొడి స్పాంజితో అద్ది ఎత్తాలి, తర్వాతే నీళ్ళు, తర్వాతే రంగు.

మా ఏజెంటు తెలుగువాడే. "అన్నా, ఇంట్లో మీరున్నట్టు కనపడొద్దు" అన్నాడు. ఫోటోలు తీసేయాలి, ఫ్రిజ్ మీద పిల్లల బొమ్మలు తీసేయాలి, తోరణం మేకులు పీకేయాలి.

"దేవుడి పటాలో?" అంది మా ఆవిడ.

"అవి గూడ అక్కా. గరాజ్‌ల పెట్టేయండి."

ఆవిడ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం పటాలన్నీ పట్టుపంచెలో చుట్టి కారు ముందుసీట్లో పెట్టుకుని బ్రాడ్‌లాండ్స్‌లో స్నేహితురాలింటికి తీసుకెళ్ళింది. వెంకటేశ్వరస్వామి అక్కడ పదహారు రోజులు అతిథిగా ఉన్నాడు, రోజూ నైవేద్యం కూడా మాకన్నా బాగానే జరిగింది.

ఇంతా చేసి, శని ఆదివారాల ఓపెన్ హౌస్‌కి వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది మనవాళ్ళే. ఏజెంటు సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. అందరూ బయటే చెప్పులు విడిచారట. అందరూ మొదట అడిగింది ఈస్ట్ ఫేసింగేనా అని. ఆ సంగతి లిస్టింగ్‌లో మొదటి వాక్యంలోనే ఉంది, ఇక్కడ బెడ్‌రూముల సంఖ్య కన్నా ముందు అదే రాస్తారు. తెల్లగా, ఖాళీగా, నిమ్మవాసన వేస్తున్న ప్యాంట్రీ తెరిచి ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు "ఇది పూజకి బావుంటుంది" అన్నారట. మా ఆవిడ ఆ మాట విని చాలాసేపు నవ్వింది.

ఇదంతా నాకు అభ్యంతరం లేని అలంకారం. పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు తెచ్చి వేసినట్టు. చూసేవాళ్ళకీ తెలుసు, చూపించేవాళ్ళకీ తెలుసు. అసలు చిక్కు బేస్‌మెంటులో ఉంది.

వాషింగ్టన్ ప్రాంతంలో 2018 రికార్డు వానల సంవత్సరం. ఆ జులైలో రోజుల తరబడి కురిసినప్పుడు మా బేస్‌మెంటులో ఉత్తరం మూల గోడలోంచి నీళ్ళు వచ్చాయి. వరదేం కాదు. కార్పెట్ ఒక మూల తడిసింది, గోడకి అడుగెత్తున టీరంగు చార పడింది. ఇక్కడి నేల సంగతి చెప్పాలి. తూర్పు లౌడన్ కింద ఉన్నది సుమారు 20 కోట్ల ఏళ్ళనాటి ఎర్రటి సిల్ట్‌స్టోన్, దాని మీద బంకమన్ను. నీటిని తొందరగా పీల్చుకోదు, పీల్చుకున్నాక వదలదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. బిల్డరు ఇల్లు కట్టినప్పుడు గోడ చుట్టూ మన్ను వాలుగా పోస్తాడు, మొదటి పది అడుగుల్లో ఆరంగుళాలు వాలు ఉండాలని కోడ్. కొన్నేళ్ళకి గోడ పక్కన మన్ను కుంగి, వాలు ఇంటివైపు తిరుగుతుంది. పైకప్పు మీద పడిన వానంతా గట్టర్‌లోంచి గొట్టంలో దిగి సరిగ్గా ఆ మూలనే గుమ్మరిస్తుంది.

అప్పుడు పిలిచిన వాటర్‌ప్రూఫింగ్ వాడు చుట్టూ తవ్వి కాలవ వేయాలని పదిహేను వేల డాలర్లకి ఎస్టిమేటు ఇచ్చాడు. రెండిళ్ళవతల ఉండే రిటైరైన సివిల్ ఇంజనీరు ఒకాయన వచ్చి చూసి, ముందు గొట్టానికి పది అడుగుల నల్ల ముడతల పైపు తగిలించి నీళ్ళని అవతలికి పంపు, నాలుగు బస్తాల మన్ను పోసి వాలు సరిచెయ్యి, ఆ తర్వాత కూడా వస్తే వాణ్ణి పిలు అన్నాడు. మొత్తం వంద డాలర్ల లోపు. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను శేషం మా మీంచి పోయినప్పుడు కూడా ఆ మూల పొడిగా ఉంది. పుస్తకాల బీరువా అడ్డం పెట్టాం, చార సంగతి అక్కడితో సరి.

ఇప్పుడు బీరువా గరాజ్‌లోకి వెళ్ళింది. చార బయటపడింది.

పెయింటరు దాన్ని చూసి, మరకల మీద వేసే కిల్జ్ ప్రైమరు ఒక చెయ్యి వేస్తే ఉందని కూడా తెలీదన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న. ఏజెంటుకి చూపిద్దామని పిలిస్తే మెట్ల మీదే ఆగిపోయి, "అన్నా, నాకు చెప్పొద్దు" అన్నాడు. అది దొంగతనం మాట కాదు, చట్టం తెలిసిన మాట. వర్జీనియాలో అమ్మేవాడి తరఫు ఏజెంటు, ఇంటి భౌతిక స్థితిలో తనకి తెలిసిన ముఖ్యమైన లోపాల్ని కొనేవాళ్ళకి చెప్పి తీరాలి. యజమానికి ఆ బాధ్యత దాదాపు లేదు. యజమాని ఇచ్చే డిస్‌క్లోజర్ ఫారం తిరగేస్తే మొదటి నుంచి చివరి దాకా ఉన్నది ఒకటే, ఈ ఇంటి స్థితి గురించి నేనేమీ చెప్పడం లేదు, మీ జాగ్రత్త మీరు పడండి. లోపమున్న డ్రైవాల్, పెండింగులో ఉన్న బిల్డింగ్ కోడ్ ఉల్లంఘన లాంటి కొన్ని మాత్రం చెప్పాలి. అడిగినప్పుడు అబద్ధం ఆడకూడదు, కావాలని కనపడకుండా చేయకూడదు. ఊరుకుంటే మటుకు ఊరుకోవచ్చు.

విచిత్రమేమిటంటే మన దేశంలో ఈ విషయంలో చట్టం వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షను. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే చెప్పాలి. వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఎందరు చెబుతారన్నది అడక్కండి. మా తాతయ్య ఎద్దుల్ని కొనడానికి సంతకెళ్తే పళ్ళు పట్టి చూసేవాడు, సుడులు చూసేవాడు, ఒక ఫర్లాంగు నడిపించేవాడు, అన్నీ అయ్యాకే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. కొమ్ములకి నూనె రాసి మెరిపించిన ఎద్దుని చూస్తే ఆయన రెండింతలు అనుమానపడేవాడట. ఆయన వర్జీనియా చట్టం చదవకుండానే దానికి తగ్గట్టు బతికాడు.

మా ఆవిడ వాదన బలంగానే ఉంది. "కారడం ఎప్పుడో ఆగిపోయింది కదా. లేని జబ్బు చెప్పడం దేనికి? చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చిందని పెళ్ళిచూపుల్లో మీవాళ్ళు మావాళ్ళకి చెప్పారా?"

చెప్పలేదు. నాకు టైఫాయిడ్ వచ్చిన సంగతి ఆవిడకి అమ్మ చెప్పింది, పెళ్ళయిన ఆరేళ్ళకి.

"మనకి అమ్మినవాళ్ళు ఏమన్నా చెప్పారా పోనీ?"

అదీ చెప్పలేదు. నాలుగు రోజులు ఈ సంగతి పక్కన పెట్టి మిగతా పనులు చూసుకున్నాం. సొసైటీ వాళ్ళ రీసేల్ కాగితాల కోసం బయట తనిఖీ ఉంది, దాని కోసం పోస్టు డబ్బా స్తంభానికి నల్లరంగు వేశాను. బాత్‌రూముల్లో కాక్ కొత్తగా పెట్టాను. సంప్ పంపులో రెండు బకెట్ల నీళ్ళు పోసి మోటారు తిరుగుతోందో లేదో చూశాను.

ఫోటోలు తీసే రోజు పొద్దున్న తేలింది. ఫోటోగ్రాఫరు రాకముందు ఏజెంటు ఇంటి చుట్టూ ఒక రౌండ్ వేసి, పక్కన పచ్చిక మీద పాములా పడుకుని ఉన్న నల్ల పైపు చూసి, "ఇది తీసేద్దామన్నా, ఫోటోల గలీజు కనిపిస్తది" అన్నాడు. వంగి పీకబోయాడు కూడా.

నేను వద్దనేలోపల కిటికీలోంచి మా ఆవిడ "అది తియ్యకండి!" అని గట్టిగా అరిచింది.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. మేం చేసిన మరమ్మతంతా ఆ పైపే. గోడలో ఏమీ మారలేదు, మన్ను మారలేదు, వాన మారలేదు. చూడ్డానికి చెత్తలా ఉంటుంది. గడ్డి కోసేవాళ్ళు నెలకోసారైనా దాన్ని ఊడదీసి పక్కన పడేస్తారు, ప్రతిసారీ నేనో ఆవిడో వెళ్ళి మళ్ళీ తగిలిస్తాం. కొత్తగా వచ్చేవాళ్ళు మొదటి వారంలోనే తీసి రీసైక్లింగ్‌లో వేస్తారు, వేయకపోతే ఆశ్చర్యపోవాలి. మొదటి పెద్ద వానకి నీళ్ళు లోపలికి వస్తాయి. అది ఎందుకుందో చెప్పకుండా పైపుని అక్కడ వదిలితే మేం బాగుచేసినట్టు కాదు, ఎనిమిదేళ్ళు కాపలా కాసినట్టే.

పైపు ఫోటోలో పడింది. ఏజెంటు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఇక తనకీ తెలిసినట్టే కాబట్టి తనే కూర్చుని ఇంగ్లీషులో శుభ్రంగా ఒక పేజీ టైపు చేసిపెట్టాడు. 2018లో నీళ్ళు వచ్చిన చోటు, అప్పటి ఫోటో, పైపుకీ మన్నుకీ పెట్టిన ఖర్చు, ఆ తర్వాత రాలేదన్న మాట. చార మీద రంగు వేయించాం, రంగు వేయించామని కూడా అందులో రాశాం. ఉండడానికి వేసే రంగే వేయమన్నాను ఆ ఒక్క గోడకి. పెయింటరు భుజాలెగరేసి రెండు చేతులూ వేశాడు.

ఆదివారం రాత్రికి మూడు ఆఫర్లు వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువ ఇస్తామన్నవాళ్ళు ఆ పేజీ చదివి, వాటర్‌ప్రూఫింగ్ కోసం పన్నెండు వేలు తగ్గించమన్నారు. తగ్గించాక వాళ్ళది రెండో ఆఫర్ కన్నా కిందికి దిగింది. రెండోవాళ్ళది నిజామాబాద్ వైపు, ఇద్దరూ ఉద్యోగస్తులు, ఒక పాప. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు ఆ అబ్బాయి ఇన్‌స్పెక్టరు కన్నా ముందు ఆ మూలకెళ్ళి కార్పెట్ ఎత్తి, అరచెయ్యి ఆనించి చూశాడు. తాతయ్య గుర్తొచ్చాడు. రేడాన్ పరీక్షలో అంకె పర్యావరణ సంస్థ గీత గీసిన 4 కంటే తక్కువే వచ్చింది, వంటింట్లో ఒక ప్లగ్గు మార్చమన్నారు, మార్చాం. వాళ్ళకే అమ్మాం. లెక్క వేసుకుంటే మొదట అనుకున్న దానికన్నా ఏడు వేలు తక్కువ. మా ఆవిడ ఆ ఏడువేల సంగతి ఇప్పటికి రెండుసార్లు ఎత్తింది, ఇంకా ఎత్తుతుంది.

మే నెలలో మూడు రోజులు ఎడతెగకుండా వాన పడింది. రెండో రోజు రాత్రి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఫోన్ వెలుతురులో తడి పచ్చిక, నల్ల పైపు, దాని మీద ఒక ఇటుక.

"అన్నా, గడ్డి కోసెటోళ్ళు పైపు ఊడదీసిండ్రు. మళ్ళ తగిలించి రాయి పెట్టిన. గిట్ల సరిపోతదా?"

రాయి సరిపోతుంది, చివర మాత్రం ఇంకొంచెం కిందికి ఉండేట్టు చూసుకోమని రాశాను.